కర్నూలు దగ్గర ఊళ్లో కౌబాయ్

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే నల్లమల దారి పొడుగునా మనతోనే వస్తుంది. కుడివైపు నల్లరేగడి చేలు. కాలవ నీళ్లు అందిన చోట వరి, అందని చోట శనగ, జొన్న. మధ్యలో శిరివెళ్ల వస్తుంది, పోతుంది. గంట ప్రయాణం. ఈ దారిలో ఎంత వెతికినా ఇసుక దిబ్బ ఒక్కటి కనిపించదు.

ఇసుక సంగతి ఎందుకు ఎత్తానంటే, 1971 ఆగస్టు 27న విడుదలైన 'మోసగాళ్లకు మోసగాడు' కథ జరిగేది కర్నూలు దగ్గరి ఒక ఊళ్లో. తెరమీద మాత్రం కనుచూపు మేర ఎడారి. ఆ ఎడారిలో తలకు అంచు టోపీ, కాళ్లకు బూట్లు, నడుముకు తుపాకీ కట్టుకుని గుర్రం మీద వచ్చేవాడు మన కృష్ణ. పాత్ర పేరు కృష్ణప్రసాద్. అప్పటికి నంద్యాల, ఆళ్లగడ్డ కూడా కర్నూలు జిల్లాలోవే. నంద్యాల విడిగా జిల్లా అయ్యింది 2022 ఏప్రిల్ 4న. ఆ లెక్కన తెలుగు సినిమాలో మొదటి కౌబాయ్ మా జిల్లావాడు. పశువులు కాసుకునే అమెరికా కుర్రాడి వేషం ఎన్ని సముద్రాలు దాటి మా జిల్లా చిరునామా రాయించుకుందో ఆ కథ చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

మొదలు అమెరికాలోనే. 1903లో వచ్చిన 'ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ' అనే చిన్న మూకీలో రెండు మూడు చిన్న వేషాలు వేసిన గిల్బర్ట్ ఆండర్సన్, తర్వాత కొన్నేళ్లకు 'బ్రాంకో బిల్లీ' అన్న పేరుతో ఒకే పాత్రను మళ్లీ మళ్లీ వేయడం మొదలుపెట్టాడు. కథ మారుతుంది, ఊరు మారుతుంది, మనిషి మాత్రం వాడే. పోయినవారం చూసినవాణ్ణే ఈ వారమూ చూడటానికి జనం డబ్బులిస్తారని ఆయన కనిపెట్టాడు. 1930లకు వచ్చేసరికి హాలీవుడ్‌లో చిన్న కంపెనీలు దీన్నే వ్యాపారం చేసుకున్నాయి. ఒక టికెట్టుకు రెండు సినిమాలు చూపించే రోజులవి. పెద్ద సినిమాకు తోడుగా వేసే రెండో సినిమా చవకగా, గంట నిడివితో, వారం పది రోజుల్లో తయారైపోవాలి. అందుకు కౌబాయ్‌ని మించినవాడు లేడు. ఊరి బయట కొండలుంటే సెట్టింగు ఖర్చు లేదు. ఒకసారి తీసిన గుర్రాల పరుగును ఇంకో నాలుగు సినిమాల్లో అతికించుకోవచ్చు. విలియం బాయ్డ్ అనే నటుడు 'హోపలాంగ్ క్యాసిడీ' పాత్రను 1935 నుంచి 1948 దాకా 66 సినిమాల్లో వేశాడు. పాటలు పాడే కౌబాయ్‌లుగా జీన్ ఆట్రీ, రాయ్ రోజర్స్ పేరుపడ్డారు. టీవీ వచ్చాక ఆ చవక సినిమాల బతుకు ముగిసింది.

రెండో బతుకు ఇటలీలో. జపాన్‌లో కురొసావా 1961లో 'యోజింబో' తీశాడు. యజమాని లేని ఒక సమురాయ్ ఒక ఊరికి వచ్చి అక్కడి రెండు ముఠాలనూ ఒకదానిమీద ఒకటి ఎగదోసే కథ. దాన్ని ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 1964లో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'గా మార్చాడు. కత్తి పోయి తుపాకీ వచ్చింది. హక్కులు అడగకుండా తీసినందుకు జపాన్ వాళ్లకు పరిహారం కట్టుకోవాల్సి వచ్చింది. అమెరికా ఎడారి అని చూపించింది స్పెయిన్‌లోని అల్మేరియా మెట్టభూమి. హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్ అప్పటికి టీవీ నటుడు. అదే పొన్చో, అదే చుట్ట, అదే చిట్లించిన చూపుతో 1965లో ఒకటి, 1966లో ఒకటి, మొత్తం మూడు సినిమాలు. ఆ మూడోది 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'. యుద్ధం నడుస్తున్న దేశంలో పాతిపెట్టిన బంగారం, దానికోసం ముగ్గురు మనుషుల పోటీ.

పాతిపెట్టిన బంగారం అన్న ఆ ఒక్క ముక్కే మన కథకు తాళంచెవి.

ఈ డాలర్ల సినిమాలు, ఆ వెనకే 1969 నాటి 'మెకన్నాస్ గోల్డ్' మద్రాసులో బాగా ఆడాయి. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ నటించిన 'మెకన్నాస్ గోల్డ్' అమెరికాలో అంతంతమాత్రమే అయినా మన దేశంలో విరగబడి ఆడింది. అప్పటి తెలుగు సినిమా మకాం మద్రాసే. హాల్లో కూర్చుని అవి చూసిన తెలుగువాళ్లు ఎందరో. ఇది మనమూ తీయాలి అనుకుని లేచినవాడు కృష్ణ.

ఆయన సంగతి తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు. తెనాలి దగ్గర బుర్రిపాలెంలో 1943లో పుట్టిన కృష్ణ, 1965లో రంగుల సాంఘికం 'తేనె మనసులు'తో హీరో అయ్యాడు. మరుసటేడు 'గూఢచారి 116'తో తెలుగుకు జేమ్స్‌బాండ్ తరహా గూఢచారిని పరిచయం చేశాడు. తెలుగులో ఇంకా ఎవరూ చేయనిది కనిపిస్తే ఆగలేని మనిషి. 1970లో తమ్ముళ్లతో కలిసి పద్మాలయా సంస్థ పెట్టి మొదట తీసిన 'అగ్నిపరీక్ష' ఆశించినట్టు ఆడలేదు. చేయి కాలిన నిర్మాత ఎవరైనా రెండో సినిమాకు ఏ కుటుంబ కథో వెతుక్కుంటాడు. కృష్ణ కౌబాయ్‌ని ఎంచుకున్నాడు. నిర్మాతగా తమ్ముడు ఆదిశేషగిరిరావు పేరు పడింది. అప్పటికి కృష్ణ వయసు 28. ఆ తెగువను నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

రచన ఆరుద్రకు అప్పగించారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. 'త్వమేవాహం' రాసిన కవి, సమగ్రాంధ్ర సాహిత్య చరిత్రను సంపుటాలకు సంపుటాలుగా ఒంటిచేత్తో రాసిన పరిశోధకుడు, టోపీ తుపాకీల సినిమాకు కథ రాయడానికి కూర్చున్నాడు. ఆయన స్థానంలో ఇంకొకరుంటే ఇంగ్లీషు సినిమాను ముందు పెట్టుకుని పేర్లు మార్చి ఇచ్చేసేవారేమో. ఆరుద్ర చరిత్ర చదివినవాడు. ఆయన ముందున్న చిక్కు వేషం కాదు, నేల. అమెరికాలో కౌబాయ్ ఎందుకు చెల్లుతాడు? అక్కడ కొన్నాళ్లపాటు సర్కారు చేయి అందని మెట్టభూమి ఉంది. పాత యజమానులు పోయి కొత్తవాళ్లు ఇంకా కుదురుకోని సందు కాలం ఉంది. తుపాకీ ఎవడి చేతిలో ఉంటే న్యాయం వాడిది అయిన రోజులున్నాయి. తెలుగు దేశంలో అలాంటి చోటు, అలాంటి కాలం ఎక్కడున్నాయి?

ఆరుద్ర కథను కర్నూలు దగ్గర పెట్టాడు. అమరవీడు అనే సంస్థానం కూలిపోతుంది. దాని నిధి ఎక్కడో దాగి ఉంటుంది. దాన్ని దోచుకోవాలని చూసే బందిపోట్లు ఒకవైపు, కృష్ణప్రసాద్ ఒకవైపు, నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న ఎప్పుడు ఎటు ఉంటాడో తెలియకుండా ఇంకోవైపు. అమరవీడు అన్న మాట వినగానే నా చెవికి విజయనగరపు చివరి రాజవంశం ఆరవీడు వినిపిస్తుంది. ఆరుద్ర మనసులో ఏముందో గానీ, మా వైపు చదువరికి ఆ ధ్వని తప్పదు.

కర్నూలును ఎంచుకోవడంలో ఎంత సబబు ఉందో చరిత్ర తిరగేస్తే తెలుస్తుంది. 1800లో నిజాం తన రాజ్యంలో ఉంచిన ఈస్టిండియా కంపెనీ సైన్యపు ఖర్చు కింద బళ్లారి, కడప సీమలను ఆ కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలు అన్నా, సీడెడ్ జిల్లాలు అన్నా అవే. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో చేసిన పెద్ద పని పాలెగాళ్ల అధికారాన్ని విరిచేయడం. కోటలు పోయాయి, బంట్లు పోయారు, చేతికి నెలనెలా భరణం మిగిలింది. కర్నూలు మాత్రం ఇంకొన్నాళ్లు నవాబు చేతిలోనే ఉంది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న అనుమానంతో కంపెనీ సైన్యం కోట మీదికి వచ్చి వెతికితే, దాచిన ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. దాచిన సొత్తు, దానికోసం సైన్యాల వెతుకులాట మా దగ్గర నిజంగా జరిగినవే.

ఏడేళ్లకు, ఆళ్లగడ్డకు కూతవేటు దూరంలో ఇంకొక సంగతి జరిగింది. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చే భరణం నెలకు 11 రూపాయల చిల్లర. 1846లో ఆయన మనుషుల్ని కూడగట్టుకుని కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. కంపెనీ ఆయన తలకు వెలకట్టింది. కొండల్లో వెంటాడి అదే ఏడాది అక్టోబరులో పట్టుకుంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీసి, తలను కోట మీద ఏళ్లకేళ్లు వేలాడదీసింది. ఖజానా, తలకు వెల, గుర్రాలు, కొండదారులు, ఉరికొయ్య. కౌబాయ్ సినిమాకు కావలసిన సరుకంతా ఇందులోనే ఉంది. హోపలాంగ్ క్యాసిడీని ఏ రచయితా ఊహించకముందే మా ఊళ్లల్లో బిచ్చగాళ్లు తంబూర మీటుతూ ఈ కథను పాటగా పాడుకున్నారు.

ఇక నిధి మాట. కర్నూలు సీమలో నిధి అనేది కట్టుకథ కాదు, ఆశ. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి వైపు చేలల్లో వజ్రాల కోసం నేల గాలించే జనం ఇప్పటికీ ఉన్నారు. గుప్తనిధుల కోసం పాడుబడ్డ గుడుల్ని తవ్విన వార్త ఏడాదికి ఒకటైనా పేపర్లో పడుతుంది. ఆ తవ్వకాల్లో విరిగిన శిల్పాలను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఏమైనా, కూలిపోయిన సంస్థానం, దొరకని నిధి అని ఆరుద్ర రాస్తే ఇక్కడివాళ్లకు అదేమిటని విడమరచి చెప్పక్కర్లేదు.

నేల దొరికింది. ఇక తీసే మనిషి కావాలి. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ నెల్లూరు సీమ వెంకటగిరివాడు. ముందు ఏడాదే విజయలలితతో 'రౌడీ రాణి' తీసి, ఆడమనిషి చేత ఫైటింగులు చేయించి హిట్టు కొట్టాడు. తక్కువ డబ్బులో, తక్కువ రోజుల్లో, చూసేవాడికి ఊపిరి ఆడకుండా తీయడం ఆయన విద్య. అలాంటివాళ్లను విమర్శకులు పట్టించుకోలేదు. నేలటికెట్టు జనం మాత్రం పేరు చూసి వచ్చేవాళ్లు. హాలీవుడ్ చవక సినిమాల దర్శకుల గురించి అక్కడివాళ్లు ఇవాళ పుస్తకాలు రాస్తున్నారు. దాస్ మీద మనం ఒక మంచి పుస్తకం రాసుకోవలసి ఉంది.

కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. సంగీతం ఆదినారాయణరావు. 'సువర్ణసుందరి'కి రాగమాలికలు కట్టిన చేత్తోనే ఆయన గుర్రపు డెక్కలకు, తుపాకీ మోతకు తాళం వేశారు. విజయనిర్మల, గుమ్మడి, సత్యనారాయణ, ప్రభాకరరెడ్డి, రావు గోపాలరావు, ధూళిపాళ, జ్యోతిలక్ష్మి. సాంఘికాల్లో పంచెలు, కోట్లు వేసుకునే మొహాలన్నీ ఒక్కసారిగా టోపీల కిందికి వచ్చాయి. బృందం రాజస్థాన్ వెళ్లి బికనీరు ప్రాంతంలో, ఎడారిలో చిత్రీకరించింది. అమెరికా కోసం స్పెయిన్ దొరికినట్టు కర్నూలు కోసం రాజస్థాన్ దొరికింది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. తెలుగు ప్రేక్షకుడు ఈ గుర్రాన్ని చూసి బెదరకపోవడానికి కారణం లియోనీ కాదు, విఠలాచార్య. ఉడుపి నుంచి వచ్చిన ఆ మనిషి 1950ల చివరి నుంచి పొదుపు ఖర్చుతో జానపదాలు తీసి తెలుగు ఊళ్లన్నిటికీ కత్తియుద్ధం రుచి చూపించాడు. కాంతారావు ఎన్ని రాజ్యాలకు రాకుమారుడయ్యాడో లెక్కలేదు. కథ మారినా ఆ మీసకట్టు, ఆ కత్తి, ఆ గుర్రం మారలేదు. అమెరికాలో హోపలాంగ్ క్యాసిడీ చేసిన పనే ఇక్కడ 'కత్తి' కాంతారావు చేశాడు. అరవైల చివరికి రాజకుమారుల మీద జనానికి మోజు తగ్గింది. గుర్రాలు ఉన్నాయి, వాటిని నడిపించేవాళ్లు ఉన్నారు, దూకి తన్నుకునే ఫైటర్లు ఉన్నారు. పని మాత్రం తగ్గింది. వాళ్లకు కొత్త బట్టలు కుట్టించి కొత్త పని చూపించింది కౌబాయ్. తెలుగు కౌబాయ్ జానపద హీరోకు తమ్ముడని నేనంటే అతిశయోక్తి అనుకోవద్దు. నిధి కోసం ప్రయాణం, దారిలో దొరికే కపట మిత్రుడు, చివరికి దుష్టుల నాశనం. మాంత్రికుడొక్కడు తగ్గాడు, అంతే.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. తమిళంలో 'మోసక్కారనుక్కు మోసక్కారన్', హిందీలో 'గన్‌ఫైటర్ జానీ' అయింది. 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లీషులోకి పోయి విదేశాల్లో ఆడింది. ఇంగ్లీషువాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న వేషం తెలుగు కథ కట్టుకుని ఇంగ్లీషు మాట్లాడుతూ వెనక్కి వెళ్లిందన్నమాట. దీన్ని దేశంలోనే మొదటి కౌబాయ్ సినిమా అని మనవాళ్లు గట్టిగా చెప్పుకుంటారు. న్యాయంగా చూస్తే తమిళంలో కర్ణన్ దర్శకత్వంలో జైశంకర్ 1970లోనే 'కాలం వెల్లుం'లో గుర్రమెక్కాడు. తెలుగులో మొదటిది అంటే మాత్రం తిరుగులేదు.

ఆ తర్వాత కృష్ణ, దాస్ కలిసి 1973లో 'మంచివాళ్లకు మంచివాడు' తీశారు. పేరులోనే పాత సినిమా తోబుట్టువని చెప్పుకున్నారు. అదే టోపీ, అదే మనిషి. బ్రాంకో బిల్లీ కనిపెట్టిన సూత్రం అరవయ్యేళ్ల తర్వాత మన దగ్గర పనిచేసింది.

సినిమావాళ్ల మాటల్లో మా సీమ ఇప్పటికీ 'సీడెడ్'. ఆంధ్ర ఎంత, నైజాం ఎంత, సీడెడ్ ఎంత అని హక్కుల బేరం నడుస్తుంది. 1800 నాటి ఆ ఒప్పందపు మాట రెవెన్యూ కాగితాల్లోంచి పోయింది, బడి పుస్తకాల్లోంచి పోయింది, సినిమా రీళ్ల పెట్టెల మీద మిగిలిపోయింది. ధారాదత్తమైన సీమ అన్న పేరు మాకు వద్దని 1928 నవంబరులో పెద్దలు సభ చేసుకున్నది నంద్యాలలోనే. అక్కడే చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్న పేరు ప్రతిపాదించారు. ఆ పేరు పుట్టిన ఊళ్లోనే బుకింగ్ ఆఫీసుల్లో నేటికీ సీడెడ్ అనే అంటారు. పాలెగాళ్ల కోటలు కూలగొట్టించిన ఒప్పందమే కృష్ణప్రసాద్ నిధి వేటకు నేపథ్యం కావడం, ఆ సినిమా మా ఊళ్లకు అదే ఒప్పందపు పేరుతో అమ్ముడుపోవడం. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

'మోసగాళ్లకు మోసగాడు' నేర్పిన స్వారీ వృథా పోలేదు. 1974 మే 1న పద్మాలయా వారి 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది, తెలుగులో తొలి సినిమాస్కోప్. కెమెరా మళ్లీ స్వామిదే. దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రీకరణ మధ్యలో కన్నుమూస్తే మిగిలింది కృష్ణ చూసుకున్నాడు, పోరాట ఘట్టాలు దాస్ తీశాడు. ఎడారిలో దొంగల్ని తరిమిన బృందమే మన్యంలో తెల్లవాళ్ల మీద తిరగబడింది. కృష్ణ టోపీ తీసేసి కాషాయం కట్టుకున్నాడు, గుర్రం మాత్రం అదే ధీమాతో పరిగెత్తింది. అల్లూరి చిత్రాన్ని మెచ్చుకునేవాళ్లు దాని వెనక మూడేళ్ల కిందటి కౌబాయ్ శిక్షణ ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక.

'మోసగాళ్లకు మోసగాడు' వచ్చిన పంతొమ్మిదేళ్లకు, 1990లో చిరంజీవి 'కొదమసింహం'తో టోపీ పెట్టాడు. కె. మురళీమోహనరావు దర్శకత్వం, అక్కడా నిధి వేటే. ఆ ముచ్చట దాదాపు అక్కడితో ఆగింది.

ఆగడానికి కారణం ఉంది. 1997లో జయంత్ సి. పరాన్జీ 'ప్రేమించుకుందాం రా' తీశాడు. హైదరాబాదు కుర్రాడు కర్నూలుకు వస్తాడు, ఫ్యాక్షన్ నాయకుడి కుటుంబపు అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ నాయకుడు వీరభద్రయ్యగా వేసినాయన జయప్రకాశ్ రెడ్డి. బస్సులో ఇందాక దాటిన శిరివెళ్ల ఆయన పుట్టిన ఊరు. లెక్కల మాస్టారుగా పనిచేసి, నాటకాలాడి, ఎప్పటికో తెరకెక్కిన మనిషి. ఆయన నోరు తెరవగానే మా ఊరి అరుగు మీది మాట తెర నిండా వినిపించింది. అంతకుముందు సినిమాల్లో మా యాస లేకపోలేదు, ఎవరో పరాయివాళ్లు అనుకరించినట్టు ఉండేది. ఇది అనుకరణ కాదు. శిరివెళ్ల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల చుట్టూ మనుషులు కోపమొస్తే నిజంగా మాట్లాడే తీరు. కర్నూలు కథకు కర్నూలు గొంతు రావడానికి 'మోసగాళ్లకు మోసగాడు' తర్వాత ఇరవయ్యారేళ్లు పట్టింది.

ఆ తర్వాత 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర'. గుర్రం బదులు టాటా సుమో, తోలు కోటు బదులు తెల్ల ఖద్దరు, తుపాకీ బదులు వేటకొడవలి. దుమ్ము రేపుకుంటూ వరసగా వచ్చే బళ్లు, ఖాళీ వీధి, మూసుకునే తలుపులు, ఎదురెదురుగా ఇద్దరు. ఇది కౌబాయ్ సినిమా కాకపోతే ఇంకేమిటి? తెలుగు ప్రేక్షకుడికి సొంత కౌబాయ్ దొరికాడు, టోపీ అక్కర్లేకపోయింది. అదే జయంత్ 2002 సంక్రాంతికి కృష్ణ కొడుకు మహేశ్‌బాబుతో అసలు సిసలు కౌబాయ్ సినిమా 'టక్కరిదొంగ' తీశాడు. అందులో కృష్ణ స్వయంగా పాత వేషంలో కాసేపు కనిపించి వెళతాడు. తండ్రి టోపీని కొడుకు అందుకున్న ఆ ఘట్టం నాకు ఇష్టమే. అయితే అప్పటికి జనం చూపు సుమోల మీద ఉంది. ఆ సినిమా అనుకున్నంత ఆడలేదు.

ఫ్యాక్షన్ సినిమా గెలుపులో మాకు జరిగిన నష్టం చిన్నది కాదు. కౌబాయ్ సినిమా చూసిన ఎవరూ కర్నూలువాళ్లంతా తుపాకులు పెట్టుకు తిరుగుతారని అనుకోలేదు. అది వేషమని చూసేవాడికీ తెలుసు. ఫ్యాక్షన్ సినిమా అలా కాదు. మా యాసను, మా ఊరి పేర్లను, మా మీసాలను నిజమైనవే తీసుకుంది. నిజంగా ఉన్న పగల్ని, పోయిన ప్రాణాల్ని తీసుకుని వాటికి పదింతలు రక్తం కలిపింది. ఆళ్లగడ్డ అని చెప్పగానే ఎదుటివాడి మొహంలో వచ్చే మార్పును ఊరు విడిచి చదువుకో, ఉద్యోగానికో పోయిన ప్రతివాడూ చూశాడు. నేనూ చూశాను. ఇల్లు అద్దెకు అడిగితే, నవ్వుతూనే, బాంబులు తెచ్చుకోలేదు కదా అని అడిగినవాళ్లున్నారు. అదే ఆళ్లగడ్డలో రాతిని దేవుణ్ణి చేసే శిల్పుల వీధులున్నాయి. పక్కనే అహోబిలం ఉంది. సంక్రాంతి దాటగానే అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి పారువేటకు బయలుదేరి, నెలన్నర పాటు ముప్పైకి పైగా పల్లెల్లో విడిది చేస్తాడు. చెంచులక్ష్మి పుట్టింటివాళ్లను పెళ్లికి పిలవడానికి దేవుడే వేటగాడై ఊరూరా తిరగడం మా సంప్రదాయం. తిరిగే వీరుడి కథ కావాలంటే ఇంతకన్నా తీయనిది ఎక్కడుంది?

కృష్ణ 2022 నవంబరు 15న వెళ్లిపోయాడు. ఆయన పుట్టినరోజు 2023 మే 31న 'మోసగాళ్లకు మోసగాడు'ను 4కె లోకి మార్చి మళ్లీ విడుదల చేశారు. ఎన్నో వందల సినిమాలు చేసిన మనిషిని తలుచుకోవడానికి అభిమానులు ముందుగా చూడాలనుకున్నది ఆ టోపీనే.

అంతకు నాలుగేళ్ల ముందే, 2019 అక్టోబరు 2న, 'సైరా నరసింహారెడ్డి' వచ్చింది. ఉయ్యాలవాడ పాలెగాడిగా వేసింది చిరంజీవి. కృష్ణ కౌబాయ్ వేసి మూడేళ్లకు అల్లూరి అయితే, చిరంజీవి కౌబాయ్ వేసి ఇరవై తొమ్మిదేళ్లకు నరసింహారెడ్డి అయ్యాడు. ఇద్దరూ వేషపు తుపాకీ దగ్గర మొదలై నిజం వీరుల దగ్గరికి చేరారు. మా తాతలు పాటగా విన్న కథను అంత పెద్ద తెరమీద చూసి, హాల్లో పక్కనున్న ముసలాయన కళ్లొత్తుకోవడం చూశాను.

అయితే ఆ యుద్ధ ఘట్టాలను ఎక్కువగా తీసింది జార్జియా దేశంలో, మిగతాది హైదరాబాదు సెట్టింగుల్లో. 1971లో కర్నూలు కోసం రాజస్థాన్ పోయారు. 2019లో కోయిలకుంట్ల కోసం జార్జియా పోయారు. ఖర్చు లెక్కలు, గుర్రాల లెక్కలు వాళ్లకుంటాయి, కాదనను. కానీ ఎవరైనా కుర్ర దర్శకుడు చిన్న బడ్జెట్టుతో, దాస్ తీసినట్టు తక్కువ రోజుల్లో, ఒక గుర్రాల కథ తీయాలనుకుంటే నాదొక విన్నపం. నంద్యాలలో పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కండి. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి. ఆళ్లగడ్డలో దిగి కోయిలకుంట్ల బండి పట్టుకోండి, దారిలో ఉయ్యాలవాడ వస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో పంట కోతలయ్యాక నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. ఆ నేల మీద గుర్రం పరిగెడితే లేచే దుమ్ము రాజస్థాన్ ఇసుకలా పసుప్పచ్చగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. స్వామిగారి లాంటి కెమెరా మనిషి చేతిలో పడితే అది ఎలా ఉంటుందో చూడాలని ఉంది.